వలస కళాశాల అంటే వలస వెళ్లిన కళాశాలా?

సందేహం: మా మనవడికి క్విజ్ పోటీ ఉందంటే ఒక జనరల్ నాలెడ్జ్ పుస్తకం కొన్నాను. అందులో 'అమెరికాలోని తొమ్మిది వలస కళాశాలల్లో మొదటిది 1636 నాటి హార్వర్డ్' అని ఉంది. కళాశాల వలస వెళ్లడమేమిటి? అదే పేజీలో ఇంకో కాలేజీ పేరును ఒకచోట యేల్ అనీ, ఇంకోచోట యాలే అనీ రాశారు. '1665లో హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకున్న తొలి భారతీయుడు' అనే మాట కూడా ఉంది. ఇవి సరైన ప్రయోగాలేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: అమ్మా, మీ మొదటి ప్రశ్నకు జవాబు మీ ఊరికి దగ్గర్లోనే ఉంది. విశాఖ నుంచి మీ ఊరికి రైల్లో వస్తుంటే దారిలో కొత్తవలస తగులుతుంది. విజయనగరం దాటి ఇంకా పైకి పోతే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్న ఊరు ఆమదాలవలస. మీ ప్రాంతంలో ఇలా 'వలస'తో ముగిసే ఊళ్లు చాలా ఉన్నాయి. ఈ పేర్లలో వలస అంటే వెళ్లిపోవడం కాదు. వేరే చోటు నుంచి వచ్చినవాళ్లు ఇళ్లు కట్టుకుని, పొలం దున్నుకుని నిలబెట్టుకున్న ఊరు. పాలమూరు వలసలు, వలస కూలీలు అన్నప్పుడు మనకు పోవడమే కనిపిస్తుంది. ఊరి పేర్లలో మాత్రం చేరడం, స్థిరపడడం మిగిలాయి.

ఇంగ్లీషు కాలనీ అనే మాట లాటిన్ 'కొలోనియా' నుంచి వచ్చింది. దాని వెనక ఉన్న 'కొలోనస్' అంటే సేద్యగాడు. అందుకే కాలనీకి వలస అనే మాట ఎంచుకున్నవాళ్లను తప్పుపట్టలేం. 1620లో అమెరికాలోని ప్లిమత్‌లో, 1630లో బోస్టన్‌లో దిగిన ఇంగ్లీషువాళ్లు చేసింది ఆమదాలవలస అర్థంలో వలసే. కాకపోతే ఆ నేల ఖాళీగా లేదు, అక్కడ అప్పటికే మనుషులున్నారు. వాళ్ల సంగతి మీ మూడో ప్రశ్న దగ్గర వస్తుంది.

నన్నడిగితే ఆ మాట అతకనిది మన చరిత్రకే. 1639 సంవత్సరాన్నే తీసుకోండి. అమెరికాలో మసాచుసెట్స్ వలస సభ 1636లోనే 400 పౌన్లు కేటాయించి ఒక కాలేజీకి తీర్మానం చేసింది. జాన్ హార్వర్డ్ అనే యువ మతబోధకుడు చనిపోతూ తన ఆస్తిలో సగమూ, సుమారు 400 పుస్తకాలూ ఆ కాలేజీకి రాసిచ్చాడు. 1639లో దానికి ఆయన పేరు పెట్టారు. అంటే ఆయన దాత, స్థాపకుడు కాదు. క్విజ్‌లో పిల్లలు తప్పు చెప్పేది ఇక్కడే, మీ మనవడికి చెప్పండి. సరిగ్గా అదే ఏడు దామెర్ల వేంకటాద్రి నాయకుడి నుంచి ఈస్టిండియా కంపెనీ సముద్రం ఒడ్డున కాస్త ఇసుక నేల సంపాదించింది. అక్కడ లేచిందే సెయింట్ జార్జి కోట, దాని పక్కన పెరిగిందే చెన్నపట్నం. ఒకచోట ఇంగ్లీషువాళ్లు తమ పిల్లలకు రేపు పాఠం చెప్పేదెవరు, చర్చిలో బోధించేదెవరు అని దిగులు పడుతున్నారు. ఇంకోచోట బట్టల మూటలు లెక్కపెడుతున్నారు. ఇంగ్లీషులో రెంటికీ 'కలోనియల్' అని ఒకటే విశేషణం కాబట్టి మనమూ రెంటికీ వలస అనేశాం. చెన్నపట్నానికి వాళ్లు దున్నుకోవడానికి రాలేదు. అక్కడిది వర్తకం, తర్వాత పెత్తనం. 'వలస పాలన' పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది కాబట్టి ఇప్పుడు పీకలేం గానీ, నాకు 'పరాయి పాలన' అన్నదే ఇష్టం.

మరి 'వలస కళాశాల' ఎందుకు ఎబ్బెట్టుగా ఉంది? వలస పక్షి అంటే వలసపోయే పక్షి. వలస కూలీ అంటే వలసపోయే కూలీ. ఎన్నికల ముందు పేపర్లో కనబడే వలస నేత అంటే పార్టీ మారిన నేత. వలస పక్కన కదలగలిగేది ఏది పెట్టినా కదిలేది అదే అనిపించడం మన సమాస స్వభావం. పాలన ఎలాగూ నడిచిపోదు కాబట్టి 'వలస పాలన' చెల్లిపోయింది. కాలేజీ అలా కాదు, అది ఊరు మారగలదు.

నిజంగా మారాయి కూడా! ఇప్పుడు ప్రిన్స్‌టన్ అంటున్న కాలేజీ 1746లో పుట్టి, ఎలిజబెత్‌టౌన్‌లో మొదలై, నెవార్క్ వెళ్లి, 1756లో ప్రిన్స్‌టన్ చేరింది. బ్రౌన్ కాలేజీ వారెన్ అనే ఊరి నుంచి ప్రావిడెన్స్‌కు మారింది. యేల్ 1701లో అనుమతి పొంది, కొన్నాళ్లు సేబ్రూక్‌లో ఉండి, 1716లో న్యూహేవెన్‌కు పోయింది. పుస్తకాలు తీసుకెళ్లడానికి 1718లో ఎడ్లబండ్లు వస్తే సేబ్రూక్ జనం అడ్డంపడ్డారు. బండ్లు పాడుచేశారు, దారిలో వంతెనలు కూల్చారు. ఆ గొడవలో కొన్ని పుస్తకాలు పోనే పోయాయి. కాబట్టి మీ పుస్తకం రాసినాయన తెలియక రాసినా, కొన్ని కాలేజీల విషయంలో నిజమే రాశాడు. మొదటిదన్న హార్వర్డ్ మాత్రం పుట్టిన చోటే ఉంది.

ఆయన చెప్పదలచుకున్నది 1776 స్వాతంత్ర్య ప్రకటనకు ముందు అక్కడి పదమూడు ఇంగ్లీషు వలసల్లో వెలసిన తొమ్మిది కాలేజీల గురించి. పైన చెప్పిన నాలుగూ కాక విలియం అండ్ మేరీ, కొలంబియా, పెన్సిల్వేనియా, రట్గర్స్, డార్ట్‌మత్. అప్పుడు అన్నిటికీ ఈ పేర్లు లేవు. 1754లో కింగ్స్ కాలేజీగా పెట్టినది స్వాతంత్ర్యం వచ్చాక 1784లో కొలంబియా అయింది. రాజు పోయాక రాజు పేరెందుకు మరి. వీటిని 'వలసల నాటి కళాశాలలు' అంటే చాలు, తికమక ఉండదు. 'పదమూడు కాలనీలు' అని మాత్రం రాయొద్దు. తెలుగులో కాలనీ అంటే బ్యాంక్ కాలనీ, రైల్వే కాలనీ. పిల్లలు వాషింగ్టన్‌ను వాటర్ ట్యాంకు పక్క సందులో వెతుక్కుంటారు.

యేల్ సంగతి. చివరి ఇంగ్లీషు అక్షరాన్ని పలికేయడం వల్ల యాలే వచ్చింది, అది తప్పు. అచ్చతెలుగు మాటకు మొదట యకారం రాదని బాలవ్యాకరణం అంటుంది గానీ ఇది పరాయి పేరు, ఆ సూత్రం దీనికి వర్తించదు. 'ఏల్' అని రాసినా మన నోట 'యేల్' అనే వస్తుంది. 'ఏమిటి'ని 'యేమిటి' అని పలకడం లేదూ! అయినా రాతలో యేల్ మేలు. ఆ పేరు ఎలిహు యేల్ అనే ఆయనది. ఆయన 1649లో బోస్టన్‌లో పుట్టి, 1687 నుంచి 1692 దాకా చెన్నపట్నం కోటకు గవర్నరుగా ఉన్నాడు. సొంత వ్యాపారం వెలగబెడుతున్నాడన్న ఆరోపణలతో కంపెనీ ఆయన్ని పదవి నుంచి దింపేసింది. తర్వాత ఇంగ్లండ్ నుంచి తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, మొదటి జార్జి రాజు చిత్తరువు ఆ కాలేజీకి పంపాడు. సరుకు అమ్మితే సుమారు 562 పౌన్లు వచ్చాయి. 1718లో కాలేజీకి ఆయన పేరు పెట్టారు. చెన్నపట్నంలో కూడబెట్టిన సొమ్ముతో వచ్చిన పేరు కాబట్టి కనీసం మనమైనా దాన్ని సరిగ్గా పలకాలి.

ఇక మూడోది శుద్ధ తప్పు. 1665లో హార్వర్డ్ పట్టా పుచ్చుకున్న కేలబ్ చీషాటోమక్ మన దేశంవాడు కాదు. మార్తాస్ వినియార్డ్ దీవికి చెందిన వాంపనోగ్ తెగవాడు. పట్టా వచ్చిన ఏడాదిలోపే క్షయతో చనిపోయాడు. హార్వర్డ్ 1650 నాటి శాసనపత్రంలో 'ఇంగ్లీషు, ఇండియన్ యువకుల' చదువు అని ఉంది. ఆవరణలో ఇండియన్ కాలేజీ పేరుతో ఒక ఇటుక భవనం కూడా కట్టారు. అక్కడ 'ఇండియన్' అని కనబడగానే నిఘంటువు తీసి 'భారతీయుడు' అని దించేశారన్నమాట. వెనకటి పుస్తకాల్లో 'రెడ్ ఇండియన్' అని రాసేవారు. ఒంటి రంగును బట్టి పెట్టిన ఆ పేరు ఇప్పుడు పనికిరాదు. 'అమెరికా మూలవాసి' అనండి. తెగ పేరు తెలిస్తే అదే రాయడం ఇంకా మంచిది. మీ మనవడి పుస్తకంలో ఆ వాక్యాన్ని కొట్టేసి 'హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకున్న తొలి అమెరికా మూలవాసి, వాంపనోగ్ తెగవాడు' అని మార్జిన్‌లో రాసివ్వండి.