సియెనాలో లోకల్ కల్చర్ చూడాలంటే గుర్రప్పందెం ఒక్కటే చూసి వచ్చేయకండి

"ఆగస్టులో ఇటలీ వెళ్తున్నాం, ఫ్లోరెన్స్ నుంచి ఒక పూట సియెనా వెళ్ళి అసలైన లోకల్ కల్చర్ చూడాలంటే ఏం చేయాలి" అని అడిగారు. ఒక పూటలో అయ్యే పని కాదండీ. నేను అక్కడ మాస్టర్స్ చేసినన్నాళ్ళూ చూశా, పొద్దున బస్సు దిగడం, ఊరి నడిబొడ్డున ఉన్న పియాజ్జా దెల్ కాంపో అనే పెద్ద కూడలిలో ఇటుకల మీద కూలబడి జెలాటో తినడం, టవర్‌కి ఫోటో కొట్టడం, సాయంత్రం బస్సెక్కడం, ఇంటికెళ్ళాక "ఆథెంటిక్ టస్కనీ" అని పోస్టు. ఇంకొంతమంది కుకింగ్ క్లాసుకి డబ్బులు పోసి పిండి పిసికి వస్తారు, అది మన ఇంట్లో ఫ్రీగా పిసకొచ్చు కదా.

అసలు సియెనా అంటే కొంత్రాదాలు. ఊరు మొత్తం 17 పేటలు, హద్దులు 1729లో గీసినవి, ఇప్పటికీ అవే. ఒక్కో పేటకీ ఒక జెండా, ఒక చర్చి, ఒక మ్యూజియం, పిల్లలకి పేట తరఫున బాప్తిస్మం ఇవ్వడానికి ఒక ఫౌంటెన్. జులై 2న, ఆగస్టు 16న కాంపో చుట్టూ మట్టి పోసి పాలియో అనే గుర్రప్పందెం పెడతారు, ప్రతి పందెంలో 10 పేటలే పరిగెడతాయి, జీను లేకుండా మూడు రౌండ్లు, నిమిషన్నర కూడా పట్టదు. జాకీ పడిపోయినా గుర్రం ఒక్కటే ముందొస్తే గెలిచినట్టే. గెలిచినవాళ్ళకి దక్కేది బొమ్మ వేసిన ఒక పట్టు జెండా, డబ్బు కాదు. పైగా గెలవడం కోసం వాళ్ళే ఎదురు ఖర్చు పెడతారు. మాది నరసరావుపేట పక్క ఊరు, కోటప్పకొండ తిరునాళ్ళకి మా ఊరి ప్రభ ఎత్తా పక్కూరి ప్రభ ఎత్తా అని ఏడాదంతా మాటలనుకునే జనంలో పెరిగినవాణ్ణి, అందుకే నాకు ఈ పిచ్చి ఎవరూ వివరించక్కర్లేకుండానే అర్థమైంది.

నేను అద్దెకున్నది వియా సాన్ మార్కోలో, అంటే నత్త గుర్తు పేట, కియొచ్చొలా. పక్కనే తాబేలు గుర్తు తార్తూకా, వీళ్ళకీ వాళ్ళకీ అస్సలు పడదు. మా ఓనరు పెద్దావిడ మామూలుగా మెట్ల మీద నీళ్ళు చిందినా గోల చేసే మనిషి. పందెం రోజు మధ్యాహ్నం తలుపు కొట్టి "రా, గుర్రానికి దీవెన ఇస్తున్నారు, ఫోన్ మాత్రం ఇంట్లో పెట్టు" అంది. వెళ్తే చర్చి నిండా జనం, మెడల్లో పేట రంగుల స్కార్ఫులు, చంటిపిల్లల్ని కూడా ఎత్తుకొచ్చారు, ఒక్కడు దగ్గడు. గుర్రం బెదురుతుందని భయం. ఆ గుర్రాన్ని వీళ్ళేమీ ఎంచుకోలేదు, లాటరీలో వచ్చింది, వచ్చిన దగ్గర్నుంచీ దాన్ని చూసుకునే మనిషి దాని పక్కనే లాయంలో పడుకుంటున్నాడు. డెక్కల చప్పుడు రాయి మీద టక్ టక్‌మని వినిపించింది, గుర్రం సరాసరి ఆల్టర్ ముందుకొచ్చి నిలబడింది, చెవులు మాత్రం ఆగట్లేదు, మెడ మీద చెమట మెరుస్తోంది. ఫాదర్ నీళ్ళు చల్లి "వెళ్ళు, గెలిచి తిరిగి రా" అన్నాడు, గుర్రంతోనే అన్నాడు. ఇంతలో అది అక్కడే పేడ వేసింది. నేను అయ్యో అనుకునేలోపు పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి గట్టిగా నొక్కి నవ్వింది, అది మంచి శకునమట, చుట్టూ అందరి మొహాలూ వెలిగిపోయాయి కానీ కిక్కురుమనలేదు. గుర్రం గుమ్మం దాటాక అప్పుడు ఎత్తుకున్నారండీ పాట, ఆ వీధి గోడలు అదిరాయి. మావాళ్ళు గెలవలేదు లెండి, రాత్రి వీధిలో ఒక్క ఇంట్లో టీవీ మోగలేదు.

ఇంకో మాట, స్కార్ఫులు. బొమ్మల షాపులో కలర్ బాగుందని ఏదో ఒకటి కొనుక్కుని మెడలో వేసుకుని తిరుగుతారు టూరిస్టులు, అదీ శత్రువుల వీధిలో. ఎవరూ కొట్టరు గానీ చూసే చూపు చాలు. గుర్తుగా కొనుక్కోండి, బ్యాగులో పెట్టుకోండి.

పందెం చూడ్డానికి కాంపో మధ్యలో నిలబడితే ఫ్రీనే, కానీ ఎండలో గంటలు గంటలు, దారులు మూసేస్తారు, బాత్రూం అంటే చచ్చారే, పందెం మొదలయ్యే తాడు దగ్గర గుర్రాలు సర్దుకోడానికే ఒక్కోసారి గంట పైన పడుతుంది. బాల్కనీ సీట్ల రేట్లు వింటే మన విమానం టికెట్టే నయం అనిపిస్తుంది. పెద్దవాళ్ళతో వెళ్తే అస్సలు వద్దు. దానికంటే ముందు రోజు రాత్రి పేట వీధుల్లో పొడుగు బల్లలు వేసి భోజనాలు పెడతారు, వడ్డించేది ఆ పేట కుర్రాళ్ళే, బయటివాళ్ళకి కూడా చాలా పేటలు సీట్లు అమ్ముతాయి, ముందుగా రాసి అడగాలి. జాకీ కూడా అక్కడే కూర్చుంటాడు, పక్కన కాపలా, ఎందుకంటే అవతలివాళ్ళతో బేరం పెట్టుకుంటాడేమోనని అనుమానం. నా లెక్కలో పందెం కంటే ఈ భోజనమే అసలు సియెనా.

తిండికి, కాంపో చుట్టూ ఫోటోల మెనూ పెట్టిన హోటళ్ళు వదిలేయండి. రెండు సందులు లోపలికెళ్ళి పీచీ అడగండి, చేత్తో తాడులా పేనిన లావు పాస్తా, మామూలుగా పిండీ నీళ్ళే, గుడ్డు వెయ్యరు, అయినా వెజ్ అయితే ఒకసారి అడగండి. అల్యోనే అని టమాటా వెల్లుల్లి సాస్‌తో ఇస్తారు, కారం తక్కువ గానీ మన నోటికి పడుతుంది.

ఆగస్టు టికెట్లు ఇంకా బుక్ చేయకపోతే మే నెలకి మార్చుకోండి, రూములూ దొరుకుతాయి. అప్పుడు సాయంత్రాలు ఏ సందులో చూసినా కుర్రాళ్ళు డప్పులూ జెండాలూ ప్రాక్టీసు చేస్తుంటారు, ఆదివారాలు ఏదో ఒక పేట తన పండగకి పాతకాలం బట్టలేసుకుని ఊరంతా తిరుగుతుంది. డప్పు ఎటు వినిపిస్తే అటు వెళ్ళి వాళ్ళ వెనక నడవండి, టికెట్ ఏమీ ఉండదు.