వియ్యంకుడి కోపం సాకర్ మీదేనా?

ప్రశ్న:
మాది సికింద్రాబాద్. ఏటా ఐదారు నెలలు అమెరికాలో, ఒహాయోలోని కొలంబస్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాను. అల్లుడు అమెరికన్, చాలా మంచివాడు. వాళ్ల నాన్నగారిది అక్కడికి రెండు గంటల దూరంలో ఉన్న మాసిలన్. ఆయన స్కూలు రోజుల్లో వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆడారట. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ టీమంటే ప్రాణం. అల్లుడు మాత్రం హైస్కూల్లో ఫుట్‌బాల్ మానేసి సాకర్‌లో (మనం ఫుట్‌బాల్ అనే ఆట) చేరాడట. ఇప్పుడు పదేళ్ల మా మనవడు కూడా సాకరే, గోల్‌కీపర్. తండ్రీకొడుకులిద్దరికీ కొలంబస్ క్రూ టీమంటే పిచ్చి.

మొన్న థాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర వియ్యంకుడు గారు "గంటన్నర చూస్తే ఒక్క గోల్ పడదు, ఒళ్లు తగలకుండానే పడి దొర్లుతారు, అదీ ఒక ఆటేనా" అన్నారు. అల్లుడు "మీ మూడు గంటల మ్యాచ్‌లో ఆట జరిగేది పదకొండు నిమిషాలు" అన్నాడు. మాటా మాటా పెరిగి ఆయన "అది బయటి దేశాల వాళ్ల ఆట, మన ఇంట్లోకి ఎందుకొచ్చిందో" అనేశారు. మా అమ్మాయి ఊరుకోక "తలలు పగలగొట్టుకునే ఆటకి నా కొడుకుని పంపను" అంది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. అప్పట్నుంచి తాతగారి కారు వాకిట్లో ఆగిందంటే చాలు, మనవడు పసుపు క్రూ జెర్సీ మీద స్వెట్‌షర్టు తొడుక్కుని జిప్పు మెడదాకా లాక్కుంటున్నాడు. "నేను ఫుట్‌బాల్‌లో చేరితే గ్రాండ్‌పా మళ్లీ మామూలుగా ఉంటారా అమ్మమ్మా" అని అడిగాడు. ఒక ఆట మీద అంత కోపమేమిటి? ఆ "బయటి" అన్న మాట నాకూ గుచ్చుకుంది. నేను కల్పించుకోవాలా, ఊరుకోవాలా?

జవాబు:
అమ్మా, ఊరుకోవద్దు. అయితే వియ్యంకుడు గారితో మాట్లాడాల్సింది మీరు కాదు, మీ అల్లుడు. మీరు మాట్లాడాల్సింది మీ అమ్మాయితోనూ, మనవడితోనూ. ఎవరితో ఏం మాట్లాడాలో చెప్పేముందు ఆ పెద్దాయన కోపం ఎక్కణ్ణించి వస్తోందో చెప్పనివ్వండి. అది తెలియకపోతే నా సలహా అంతా పైపైన మందు రాసినట్టే అవుతుంది.

ఆయనది మాసిలన్ అన్నారు. ఆ ఉక్కు మిల్లుల ఊళ్లో ఫుట్‌బాల్‌ని ఆట అనుకోరు, ఊరి పేరు అనుకుంటారు. అక్కడ ఆస్పత్రిలో మగపిల్లాడు పుడితే చేతిలో చిన్న ఫుట్‌బాల్ పెట్టే ఆనవాయితీ ఏళ్ల తరబడి నడిచింది. పక్క ఊరు కాంటన్‌లోని మెకిన్లీ హైస్కూలుతో వాళ్ల స్కూలు పోటీ 1894 నాటిది. ఇప్పటి అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్ ఎన్.ఎఫ్.ఎల్. పుట్టింది కూడా ఆ కాంటన్‌లోనే, 1920లో. మాసిలన్ స్కూలుకి కోచ్‌గా పనిచేసిన పాల్ బ్రౌన్ 1946లో క్లీవ్‌లాండ్ టీముకి తొలి కోచ్ అయ్యాడు. ఆ టీముకి బ్రౌన్స్ అన్న పేరు అతనిదే. మీ వియ్యంకుడు గారు ఆ నేల మీద ఆడి పెరిగిన మనిషి. ఆ ఆట ఆయనకి తండ్రి నుంచి వచ్చింది, తన కొడుక్కి ఇవ్వాలనుకున్నాడు. కొడుకు హైస్కూల్లో ఆ టీము వదిలేసిన రోజు, తాతల నాటి పొలాన్ని వద్దనేసినట్టు ఆయనకి తగిలుంటుంది. ఇన్నేళ్లలో ఆ సంగతి ఇద్దరూ ఒక్కసారైనా మాట్లాడుకున్నట్టు మీ ఉత్తరంలో కనిపించలేదు. నాకు అసలు గాయం అక్కడుందనిపిస్తోంది. మనవడి జెర్సీ దాన్ని మళ్లీ రేపింది, అంతే.

సాకర్ మీద అమెరికాలో వినిపించే ఫిర్యాదులు దాదాపు అందరివీ ఒకటే. గోల్స్ పడవు, మ్యాచ్ డ్రా అయితే ఎవరూ గెలవకుండానే ఇంటికి పోతారు, దెబ్బ తగలకుండానే నటిస్తారు, ఎన్ని నిమిషాలు మిగిలాయో రిఫరీకి తప్ప ఎవరికీ సరిగా తెలియదు. వీటిలో కొన్నింటిలో నిజం లేకపోలేదు. ఆ నటన సాకర్ అభిమానులకే అసహ్యం. కానీ ఇవి విసుక్కోవడానికి సరిపోతాయి గానీ, థాంక్స్‌గివింగ్ బల్ల దగ్గర సొంత కొడుకు మీద గొంతు పెంచడానికి సరిపోవు. ఆ గొంతులో ఉన్నది ఆయన నోట చివర్న వచ్చిన మాటే, "బయటి వాళ్ల ఆట" అన్నది.

ఆ మాట ఆయన కనిపెట్టింది కాదు. 1986లో ప్రపంచ కప్ తమ దేశానికి రావాలన్న తీర్మానం అమెరికా ప్రతినిధుల సభకి వచ్చినప్పుడు జాక్ కెంప్ అనే సభ్యుడు లేచి, ఫుట్‌బాల్ ప్రజాస్వామ్యం, పెట్టుబడిదారీ విధానం లాంటిదనీ, సాకర్ యూరప్ సోషలిస్టు ఆట అనీ మాట్లాడాడు. ఆయన రాజకీయాల్లోకి రాకముందు ఫుట్‌బాల్‌లో పేరున్న క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు ఆటని నడిపించేవాడు. 2014లో ఆన్ కోల్టర్ అనే వ్యాఖ్యాత సాకర్ మీద ఆసక్తి పెరగడం దేశ నైతిక పతనానికి గుర్తు అని రాసింది. ఎవరో పెద్దవాళ్లు ఇలా అంటూ ఉంటే మామూలు మనుషుల నోళ్లకి ఆ మాట అలవాటైపోతుంది. చెప్పే ప్రతివాడూ మనల్ని తలుచుకునే అంటున్నాడనుకోనక్కర్లేదు. మీకు గుచ్చుకోవడం మాత్రం సహజమే, ఎందుకంటే ఆ బల్ల దగ్గర బయటి దేశం నుంచి వచ్చిన మనిషి మీరే. దాన్ని మనసులో కుక్కుకోకండి.

నిజానికి ఆ ఆట అక్కడ నిన్న మొన్న దిగింది కాదు. 1920లలో బెత్లెహెమ్ స్టీల్ లాంటి మిల్లుల టీములతో సాకర్ లీగ్ నడిచింది. అదీ ఉక్కు కార్మికుల ఆటే, మాసిలన్ వాళ్ల లాంటి వాళ్లదే. 1930లో జరిగిన మొదటి ప్రపంచ కప్‌లో అమెరికా సెమీఫైనల్ దాకా వెళ్లింది. 1950లో బ్రెజిల్‌లో ఇంగ్లండునే 1-0తో ఓడించింది. కానీ ఆ మిల్లుల లీగ్‌ని లోపలి గొడవలు, ఆపైన 1930ల ఆర్థిక మాంద్యం కలిసి అప్పటికే ముంచేశాయి. ఈలోగా జనం మనసుల్లో బేస్‌బాల్, ఫుట్‌బాల్ పాతుకుపోయాయి. మీది సికింద్రాబాద్ కాబట్టి ఇది మీకు తేలిగ్గా అర్థమవుతుంది. కోచ్ రహీం సాబ్ తయారుచేసిన మన ఫుట్‌బాల్ జట్టు, అంటే వాళ్ల లెక్కలో సాకర్ జట్టు, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, 1962లో ఏషియాడ్ బంగారం తెచ్చినప్పుడు మన జంట నగరాల కుర్రాళ్లు అందులో ఎంతమంది! అమ్ముగూడ బలరాం రెండింటిలోనూ ఆడాడు. తర్వాత క్రికెట్ వచ్చి ఊరంతా ఆక్రమించింది. మన ఫుట్‌బాల్‌ని ఎవరూ ద్వేషించలేదు, దానికి చోటు మిగల్లేదంతే. అమెరికాలోనూ జరిగింది చాలావరకు అదే.

ఇక మీ అల్లుడి సంగతి. ఆ అబ్బాయి మంచివాడన్నారు, నమ్ముతున్నాను. కానీ అతని జవాబు నాకు నచ్చలేదు. ఆ పదకొండు నిమిషాల లెక్క 2010లో ఓ పెద్ద పత్రిక కట్టిందే, తప్పేం కాదు. దాన్ని అక్కడి సాకర్ అభిమానులు ఎప్పుడూ జేబులో పెట్టుకుని తిరుగుతారు. దాంతోపాటు "ప్రపంచమంతా ఆడుతుంటే మీకొక్కరికే అర్థం కాలేదా", "ఒక్క దేశంలో ఆడి ప్రపంచ చాంపియన్లమంటారే" అన్నవీ ఉంటాయి. ఏళ్ల తరబడి ఎగతాళి పడ్డవాళ్లు అలా తిరగబడటం సహజమే, ఆ కసి నాకు అర్థమవుతుంది. కానీ అలాంటి జవాబు విని మనసు మార్చుకున్న తండ్రిని నేను చూడలేదు. ఆయన చెవికి "నువ్వు ప్రేమించిందంతా తెలివితక్కువ" అని వినిపిస్తుంది. పైగా మీ అమ్మాయి తలలు పగలడం గురించి అనేసరికి "నువ్వు నీ కొడుకుని ప్రమాదంలో పెట్టి పెంచావు" అని కూడా వినిపించి ఉంటుంది. అమ్మాయి భయం న్యాయమైనదే. ఫుట్‌బాల్‌లో తలకి తగిలే దెబ్బలు తర్వాత మెదడుకి చేసే హాని చిన్నది కాదు. ఆ మాటకొస్తే సాకర్‌లో కూడా పదేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలు తలతో బంతి కొట్టకూడదని అమెరికా సాకర్ సమాఖ్యే 2015లో నిర్ణయించింది. అది వైద్యుడితోనో, భార్యాభర్తలిద్దరూ కూర్చునో తేల్చుకోవాల్సిన విషయం. మామగారి మీద విసరాల్సింది కాదు.

అదే కొలంబస్ అభిమానులు ఇంకో రకంగా జవాబు చెప్పిన సందర్భం ఉంది. మీ అల్లుడికి అది కంఠతా వచ్చి ఉంటుంది. 2017లో క్రూ యజమాని టీముని టెక్సస్‌లోని ఆస్టిన్‌కి తీసుకుపోతానన్నాడు. అభిమానులు ఎవరి ఆటనీ తిట్టలేదు. వీధుల్లోకొచ్చారు, ఊళ్లో దుకాణదారుల్ని కూడగట్టారు. రాష్ట్రం కోర్టుకెళ్లింది. అక్కడ పనికొచ్చిన చట్టం ఏమిటో తెలుసా అమ్మా? 1995లో యజమాని ఆర్ట్ మోడెల్ బ్రౌన్స్ టీముని క్లీవ్‌లాండ్ నుంచి బాల్టిమోర్‌కి తరలిస్తానని ప్రకటించాక, ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదని ఒహాయో చేసుకున్న చట్టం. అంటే మీ వియ్యంకుడి తరం పడ్డ ఏడుపు మీ అల్లుడి టీముని నిలబెట్టడంలో సాయపడింది. చివరికి క్రూని కొని కొలంబస్‌లోనే ఉంచిన రెండు కుటుంబాల్లో ఒకటి హస్లం కుటుంబం. బ్రౌన్స్ యజమానులూ వాళ్లే. 2020లో, మళ్లీ 2023లో క్రూ లీగ్ కప్పు గెలిచింది.

మీ అల్లుడు తండ్రి దగ్గరికి ఒక్కడే వెళ్లాలి. పండగ రోజు కాదు, అందరి ముందూ కాదు. వెళ్లి "బ్రౌన్స్ వెళ్లిపోయినప్పుడు మీకెలా ఉండేది నాన్నా" అని అడగాలి, అడిగి పూర్తిగా వినాలి. మధ్యలో సాకర్ ఊసెత్తకూడదు. తర్వాత ఎప్పుడో తన టీము వెళ్లిపోతుందన్నప్పుడు తనకెలా ఉండిందో చెప్పుకోవచ్చు. హైస్కూల్లో టీము వదిలిన సంగతీ అప్పుడే వస్తుంది. రావాలి కూడా. "నేను వదిలింది ఆటని, మిమ్మల్ని కాదు" అన్న మాట ఆ కొడుకు ఇప్పటిదాకా చెప్పకపోతే ఇకనైనా చెప్పాలి. శరత్కాలంలో మాసిలన్, మెకిన్లీ మ్యాచ్ జరిగినప్పుడు మనవణ్ణి తీసుకుని తాతతో కలిసి వెళ్లమనండి. బేరంగా వద్దు. "మేం నీ మ్యాచ్‌కొచ్చాం, నువ్వు మా మ్యాచ్‌కి రా" అంటే మళ్లీ మొదటికొస్తుంది.

పిల్లాడి ప్రశ్న నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. ఫుట్‌బాల్‌లో చేరితే తాత మామూలైపోతారా అంటే, అవరు నాన్నా అని మీరు నెమ్మదిగా చెప్పండి. అమెరికా సాకర్ లీగే ఒకప్పుడు నచ్చనివాళ్ల కోసం తనని మార్చుకుని చూసింది. డ్రాలు నచ్చని జనం కోసం 1996 నుంచి నాలుగేళ్లు సమమైన ప్రతి మ్యాచ్‌నీ ప్రత్యేక షూటౌట్‌తో తేల్చారు. ఆటగాడు 35 గజాల దూరం నుంచి బంతితో పరిగెత్తుకొచ్చి అయిదు సెకన్లలో కొట్టాలి. ఆట ఇష్టం లేనివాళ్లు ఇష్టపడలేదు, ఉన్నవాళ్లు విసుక్కున్నారు. 2000 నుంచి తీసేశారు. మీ వాడు ఇష్టం లేని టీములో చేరినా అదే అవుతుంది.

అలాగని వాడికి సాకర్ ఇష్టమేనా అని కూడా ఎవరైనా అడిగారా? మీ అల్లుడు తన తండ్రికి చెప్పలేని జవాబుని కొడుకు ఒంటి మీద జెర్సీగా తొడుగుతున్నాడేమోనని నాకో అనుమానం. మీరు అడగండి. మీకు చెబుతాడు. ఇష్టమే అంటే, "నీ ఆట నీది, తాతా నాన్నా గొడవ వాళ్లది, దాన్ని సర్దడం నీ పని కాదు" అని చెప్పండి. ఒక్కసారి చెబితే పిల్లలు నమ్మరు. మళ్లీ మళ్లీ చెప్పండి.

వాడు గోల్‌కీపర్ అన్నారు చూశారా, అది వినగానే నాకో దారి కనిపించింది. సాకర్‌లో చేతులతో ఆడేది వాడొక్కడే. వాడికి ప్రాక్టీసు కావాలంటే ఎవరో ఒకరు బంతిని ఎత్తులో, పక్కకి, నేలబారుగా విసురుతూనే ఉండాలి. బంతి విసరడం, పట్టుకోవడం, పడేటప్పుడు భుజం మీద ఎలా పడాలో చూపించడం ఆ మాసిలన్ పెద్దాయన కంటే బాగా ఆ ఇంట్లో ఎవరికీ రాదు. మనవడే వెళ్లి "గ్రాండ్‌పా, నాకు బంతులు వెయ్యవా" అని అడిగితే చాలు. వాడికి మనసుంటేనే, బలవంతపెట్టకండి. ఆయన ఒప్పుకుంటే పక్కన నిలబడి సలహాలివ్వొద్దని మీ అల్లుడికి గట్టిగా చెప్పండి.

ఇక "బయటి" అన్న మాట. మీకు గుచ్చుకుందని ఈ వారంలోనే మీ అమ్మాయికి చెప్పండి, సర్దుకుపోయినట్టు నటించకుండా. అమ్మాయి భర్తకి చెబుతుంది. ఆ మాట మా అత్తగారిని నొప్పించిందని తండ్రికి చెప్పాల్సిన బాధ్యత అతనిది, ఏకాంతంగా, గౌరవంగా. ఇంత చెప్పాక కూడా ఆయన ఇంకోసారి పిల్లాడి ముందు ఆ మాట అంటే, అప్పుడు ఏకాంతం కోసం ఆగొద్దనండి. "నాన్నా, నా కొడుకు సగం తెలుగువాడు, ఈ మాట వాడి ముందు వద్దు" అని అక్కడికక్కడే, గొంతు పెంచకుండా, పిల్లాడికి వినబడేలా అనాలి.