1984లో హన్మకొండలో పీవీ ఎందుకు ఓడిపోయారు? ఆ పార్లమెంటు స్థానం ఇప్పుడేమైంది?

పీవీ నరసింహారావు గారిని సొంత ప్రాంతం వాళ్లే ఎందుకు ఓడించారని, ఆ హన్మకొండ లోక్‌సభ స్థానం ఇప్పుడు మ్యాపులో ఎందుకు కనిపించదని అడిగారు. మాది పరకాల వైపు పల్లెటూరు. 1984 ఎన్నికలప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఓటు లేదు గానీ ఇంట్లో, హోటల్ దగ్గర, బస్టాండులో పెద్దవాళ్ల మాటలన్నీ విన్నాను.

ముందుగా ఒక విషయం. చాలామంది ఆ ఓటమి ఒక్కదాన్నే చెప్తారు. అదే హన్మకొండలో అంతకుముందు పీవీ గారు వరుసగా రెండుసార్లు గెలిచారు. 1977లో ఆవు దూడ గుర్తు మీద, 1980లో చెయ్యి గుర్తు మీద. 1977లో ఉత్తరాదిలో కాంగ్రెస్ కొట్టుకుపోయింది గానీ మన రాష్ట్రంలో 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే వచ్చాయి. అంతవరకు మంథని ఎమ్మెల్యేగా, మధ్యలో ముఖ్యమంత్రిగా ఉన్న పీవీ గారిని ఢిల్లీకి పంపిన మొదటి నియోజకవర్గం ఇదే. ఆ తర్వాతే ఆయన విదేశాంగ మంత్రి, హోంమంత్రి అయ్యారు.

ఇక 1984 సంగతి. ఇందిరా గాంధీ హత్య తర్వాత దేశమంతా సానుభూతితో కాంగ్రెస్ 400 దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం అది పనిచేయలేదు. ఆ ఏడాది ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేశారు. నెల రోజులకు ఎన్టీఆర్ మళ్లీ కుర్చీ ఎక్కినా జనంలో కోపం చల్లారలేదు. మా ఊళ్లో అప్పటిదాకా చెయ్యి గుర్తు తప్ప ఇంకోటి ఎరగని ఇళ్లల్లో కూడా 'ఇదేం అన్యాయం' అనే మాట నేనే విన్నాను. డిసెంబర్‌లో ఆ కోపమంతా ఓట్లయింది. రాష్ట్రంలో టీడీపీకి 30 సీట్లు వచ్చాయి. పక్కనున్న వరంగల్ స్థానంలో టీడీపీ అభ్యర్థి కల్పనాదేవి గెలిచారు.

అయితే ఎన్టీఆర్ గాలి ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను. అదే ఎన్నికల్లో, అదే గాలిలో, పక్కనే ఉన్న కరీంనగర్‌లో కాంగ్రెస్ నుంచి జువ్వాడి చొక్కారావు గారు గెలిచారు. ఆయన రైతుల మధ్య తిరిగిన మనిషి. తర్వాత 1989లో, 1991లో కూడా అక్కడ ఆయనే. అంటే మనిషి దగ్గరగా ఉంటే గాలికి ఎదురు నిలబడడం సాధ్యమే అన్నమాట. పీవీ గారికి ఆ వీలు లేకపోయింది. కేంద్రంలో విదేశాంగ శాఖ చూసే మంత్రి మా ఊరి చెరువుకట్ట గురించి వినడానికి ఎన్నిసార్లు రాగలరు? ఎదుట నిలబడింది బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి గారు. ఆయన 1967లోనే, బీజేపీకి ముందున్న జనసంఘ్ తరఫున పరకాల ఎమ్మెల్యే, ఆ తర్వాత శాయంపేట నుంచి రెండుసార్లు గెలిచారు. మా వైపు ఊళ్లలో ఆయన్ను పోస్టర్ చూసి గుర్తుపట్టాల్సిన పని లేదు. పైగా టీడీపీ మద్దతు కూడా ఉండటంతో కాంగ్రెస్ వ్యతిరేక ఓటు చీలలేదు.

జంగారెడ్డి గారు గెలిచిన మెజారిటీ 54 వేలకు పైనే. దేశం మొత్తం మీద బీజేపీ గెలిచిన రెండు సీట్లలో ఒకటి ఇది, రెండోది గుజరాత్‌లోని మెహసానా. పీవీ గారు మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా పోటీ చేశారు కాబట్టి లోక్‌సభకు వెళ్లగలిగారు. ప్రధాని అయ్యాక 1991లో నంద్యాల ఉప ఎన్నికలో 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఆ సంఖ్య విన్నప్పుడు సంతోషం వేసింది, అది మన దగ్గర రావాల్సింది కదా అని బాధా కలిగింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తర్వాతి చరిత్ర త్వరగా చెప్పేస్తాను. ఓటు వయసు 18కి తగ్గించిన 1989లోనే నా మొదటి ఓటు. ఆ ఏడు, 1991లో, 1996లో కాంగ్రెస్ నుంచి కమాలుద్దీన్ అహ్మద్ గారు గెలిచారు. పీవీ ప్రభుత్వంలో సహాయ మంత్రిగా పనిచేశారు. 1998లో, 1999లో టీడీపీ అభ్యర్థి చాడ సురేశ్ రెడ్డి. 2004లో టీఆర్ఎస్ నుంచి బోయినపల్లి వినోద్ కుమార్. బీజేపీ మళ్లీ ఇక్కడ గెలవలేదు.

2008 ఉప ఎన్నికను మాత్రం వదిలేయకూడదు. తెలంగాణ కోసం టీఆర్ఎస్ ఎంపీలు రాజీనామా చేస్తే నాలుగు లోక్‌సభ స్థానాలకు మళ్లీ ఓటింగ్ జరిగింది. వరంగల్ టీడీపీకి, ఆదిలాబాద్ కాంగ్రెస్‌కు పోయాయి. టీఆర్ఎస్‌కు మిగిలినవి కరీంనగర్, హన్మకొండ రెండే. ఉద్యమం పని అయిపోయిందని అంతా అంటున్న రోజుల్లో మా నియోజకవర్గం నిలబెట్టుకుంది. మా ఊరి పోలింగ్ బూత్ దగ్గర ఆ రోజున్న టెన్షన్ నేను మళ్లీ ఏ ఎన్నికలోనూ చూడలేదు. 1984 కంటే నాకు గొప్పగా అనిపించేది ఆ ఫలితమే.

హన్మకొండ లోక్‌సభ స్థానానికి అదే చివరి ఎన్నిక. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009 నుంచి ఆ పేరుతో స్థానం లేదు. మా పరకాల, హన్మకొండ పట్టణం ఉన్న వరంగల్ పశ్చిమ రెండూ వరంగల్ స్థానంలో చేరాయి. అది ఎస్సీ రిజర్వుడు అయింది. వినోద్ కుమార్ గారు కరీంనగర్ వెళ్లి పోటీ చేయాల్సి వచ్చింది.

దీనివల్ల ఇప్పటికీ ఒక చిక్కు ఉంది. మా అమ్మమ్మ గారి ఊరు కమలాపూర్ మండలంలో. జిల్లా హనుమకొండ, కలెక్టరేట్ పనికి రావాల్సింది ఇక్కడికి. ఎమ్మెల్యే మాత్రం హుజూరాబాద్, ఎంపీ కరీంనగర్. కొత్త ఓటర్లయిన మా మేనల్లుళ్లకు ప్రతిసారీ విడమరిచి చెప్పాల్సి వస్తుంది. పీవీ గారి వంగర ఉన్న భీమదేవరపల్లి మండలానిదీ ఇదే పరిస్థితి. జిల్లా హనుమకొండ, ఎమ్మెల్యే హుస్నాబాద్, పార్లమెంటు ఓటు కరీంనగర్‌కు.