రెండోసారి ఇచ్చేవాళ్ళను వెతుక్కో

అమ్మలూ,

నువ్వు పంపిన రిపోర్టు చదివాను. సాయంత్రం బడి ఎలా నడపాలో రాసిన భాగం బాగుంది. డబ్బు గురించి రాసిన పేజీయే నాకు నచ్చలేదు. సిఎస్ఆర్ (కంపెనీలు లాభాల్లోంచి సమాజం కోసం పెట్టే ఖర్చు), అమెరికా ఫ్రెండ్స్, క్రౌడ్ ఫండింగ్ (ఆన్‌లైన్‌లో జనం దగ్గర చందాలు) అని మూడు మాటలు రాసి, పక్కన లక్షల్లో అంకెలు వేశావు. మొదటి ఏడాది ఆ మూడింటినీ నమ్ముకుని బడి తెరవకు.

ముందు నెల ఖర్చు వేసుకో. ఇద్దరు టీచర్లకు ఎనిమిదేసి వేలు, అద్దె 4,000, కరెంటూ నోటుపుస్తకాలూ చిల్లర ఖర్చులూ కలిపి ఇంకో 4,000. మొత్తం 24,000. అంటే నెలకు 200 ఇచ్చేవాళ్ళు 120 మంది కావాలి. ఏడాదికి మూడు లక్షలు ఒక్కరే ఇస్తానంటే సంతోషంగా తీసుకో, కానీ ఆ ఒక్కరి మీద బడి నడపకు. ఆయన వ్యాపారం దెబ్బతిన్నా, వచ్చే ఎన్నికల్లో నిలబడాలనిపించినా నీకు టెన్షన్. 120 మందిలో పదిమంది మానేస్తే ఇంకో పదిమందిని వెతుక్కుంటావు.

ఈ 120 మంది ఎక్కడున్నారంటావా? మీ హైస్కూలు టెన్త్ బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నారు. ఒక్కో బ్యాచ్‌లో అందరినీ కూడగట్టే మనిషి ఒకడుంటాడు, గెట్ టుగెదర్‌కు చందాలు వసూలు చేసేది కూడా వాడే. గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోకుండా ఆ మనిషికి ఫోన్ చెయ్యి. సంక్రాంతికి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ అందరూ ఊళ్ళోకి దిగుతారు. కనుమ మర్నాడు బడికి పిలిచి ఒక గంట కూర్చోబెట్టు. ఉపన్యాసాలు వద్దు, పిల్లల చేత లెక్కలు చేయించు, పాఠం చదివించు. డబ్బు మాట ఎత్తడానికి మొహమాటపడకు. "నెలకు రెండొందలు ఇస్తారా?" అని ఎదురుగా అడుగు. "మీకు తోచినంత" అంటే వాళ్ళకు ఏమీ తోచదు. ఒప్పుకున్నవాళ్ళ చేత అక్కడే యుపిఐ ఆటోపే పెట్టించు. ప్రతి నెలా నువ్వు గుర్తు చేయడం, వాళ్ళు విసుక్కోవడం ఉండదు.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. మొదటిసారి మొహమాటానికి ఇస్తారు, నీ ముఖం చూసి ఇస్తారు. రెండోసారి ఇచ్చేది లెక్క చూసే. డబ్బు పడిన రోజే పేరుతో పిలిచి థాంక్స్ చెప్పు, రసీదు పంపు. నెలాఖరున ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అని మూడు వరుసల్లో అందరికీ పంపు. మిగలకపోతే అదీ చెప్పు. నేను ట్రస్టు లెక్కలు చూసిన రోజుల్లో గమనించిన సంగతి ఒకటుంది. ఇవ్వడం మానేసినవాళ్ళను ఎందుకని అడిగితే డబ్బు లేదన్నవాళ్ళు తక్కువ. "తర్వాత మీ నుంచి కబురే లేదండీ" అన్నవాళ్ళే ఎక్కువ.

ఇంకో చిక్కు ముందే చెబుతాను. మనవాళ్ళు అన్నం పెట్టడానికి ఇస్తారు, గోడ కట్టడానికి ఇస్తారు, జీతాలకు ఇవ్వరు. పుట్టినరోజున పిల్లలకు బిర్యానీ పెట్టిస్తామంటూ వారానికొకరు వస్తారు. ఫ్యాను ఇచ్చి, మూడు రెక్కల మీదా పేరు రాయించమనేవాళ్ళూ ఉంటారు (తిరిగేటప్పుడు ఆ పేరు ఎవరికీ కనబడదు, అయినా రాయించాల్సిందే!). వాళ్ళను తప్పుపట్టకు. తిరుమలలో అన్నప్రసాదానికి ఏం చేస్తారో చూడు. ఇన్ని కోట్లు కావాలని అడగరు. ఒక రోజుకు 44 లక్షలు, ఉదయం టిఫిన్‌కు 10, మధ్యాహ్నానికి 17, రాత్రికి 17 అని రేటు చెబుతారు. రోజంతటి ఖర్చూ భరించినవారి పేరు ఆ రోజు అక్కడ కనబడేలా పెడతారు. నువ్వూ అలాగే జీతానికి ఒక పేరూ తేదీ తగిలించు. "నాన్నగారి వర్ధంతి నెలలో ఒక టీచరు జీతం మీది, 8,000. ఆ నెలంతా బోర్డు మీద ఆయన పేరు ఉంటుంది" అని చెప్పు. బిర్యానీ కోసం వచ్చినాయన దీనికి ఒప్పుకుంటే, మరుసటి ఏడాది అదే నెలలో మళ్ళీ వస్తాడు. ఆ తేదీలన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకో.

పిల్లల దీనమైన ఫొటోలు పెట్టి అడగడం మాత్రం నాకు ఒప్పదు. ఆ ఫొటో రేపు వాళ్ళ క్లాసు పిల్లల ఫోన్లలోకే వస్తుంది.

ఇక కాగితాలు. ట్రస్టు పేరుతో పాన్, బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు. నీ సొంత ఫోన్‌పే నంబరుకు ఒక్క రూపాయి కూడా వేయించుకోకు. 12ఎ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (ఇచ్చినవాళ్ళకు పన్ను రాయితీ) రెండింటికీ ఇప్పుడే అప్లై చెయ్యి. 80జి రాయితీని గొప్పగా చెప్పి అడగకు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు అది పనికిరాదు. పాత విధానంలో 30 శాతం పన్ను కట్టేవాడు 10,000 ఇస్తే సగానికే మినహాయింపు, అంటే మిగిలేది సుమారు 1,500. నగదుగా 2,000 దాటితే అదీ లేదు. డబ్బు వేసిన ప్రతివాళ్ళ దగ్గరా పాన్, అడ్రసు అప్పుడే తీసుకో, యుపిఐలో పేరు ఒక్కటే కనబడుతుంది. షాపుల్లో హుండీలు పెడదామనే ఆలోచన వదిలెయ్. ఎవరిచ్చారో తెలియని డబ్బు ఏడాదికి లక్ష రూపాయలు, లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అది దాటాక 30 శాతం పన్ను పడుతుంది.

అమెరికా విషయంలో జాగ్రత్త. అక్కడున్న మనవాళ్ళలో ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే తీసుకోవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నా ఫరవాలేదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకో. సిటిజన్‌షిప్ తీసుకున్నవాళ్ళు, ఓసిఐ కార్డు (విదేశీ పౌరులైన మన సంతతివాళ్ళకు ఇచ్చేది) ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. ఎఫ్‌సిఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా వాళ్ళ దగ్గర వెయ్యి రూపాయలు కూడా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు ట్రస్టుకు మూడేళ్ళ వయసూ, ఆ మూడేళ్ళలో 15 లక్షల ఖర్చూ చూపించాలి. "వాళ్ళ అమ్మానాన్నల ఖాతాలోంచి తిప్పి వేయిద్దాం" అని ఎవరైనా తెలివి చెబితే వినకు.

సిఎస్ఆర్‌కూ మూడేళ్ళు పని చేసిన రికార్డు అడుగుతారు. 12ఎ, 80జి ఉండాలి, సిఎస్ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకోవాలి. చట్టం కంపెనీలను చుట్టుపక్కల ప్రాంతానికి ముందు ఖర్చు పెట్టమంటుంది కాబట్టి, అప్పుడైనా హైదరాబాదు ఆఫీసుల చుట్టూ తిరక్కుండా మీ దగ్గరి ఫ్యాక్టరీ గేటు తట్టు. వచ్చిన డబ్బుతో కంప్యూటర్లు కొను, గది కట్టు. జీతాలకు పెడితే, కంపెనీ మేనేజరు మారిన ఏడాది టీచర్లను ఇంటికి పంపాల్సొస్తుంది. క్రౌడ్ ఫండింగూ అంతే, గాలివానకు పైకప్పు ఎగిరిపోతే పనికొస్తుంది, నెలనెలా అద్దెకు కాదు.

ట్రస్టు డీడ్ జిరాక్సు నాకు పంపు. ఉద్దేశాల దగ్గర "విద్య" అని ఒక్క ముక్క రాసి వదిలేశారో, వివరంగా రాశారో చూడాలి. సంక్రాంతికి ముందే ఆ 120 పేర్ల లిస్టు మొదలుపెట్టు. మొదటి పేరు నాది రాసుకో, ఆటోపే ఎలా పెట్టాలో ఫోన్లో చెబుదువుగాని.

మీ పెద్దమామయ్య