2.05 కోట్ల డాలర్లు గరిష్ఠ పరిమితి, బాకీ కాదు

అమెరికా కళాశాలలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించేందుకు వీలు కల్పించిన కోర్టు రాజీయే హౌస్ ఒప్పందం. దాని కింద చిన్న కాన్ఫరెన్సు (కళాశాలల క్రీడా లీగ్) లోని కళాశాల ఏటా 2.05 కోట్ల డాలర్లు ఎలా తేగలదని మీరు అడిగారు. ఆ లెక్క ఒక్కచోటే చిక్కుపడింది. అది 2025-26కు గరిష్ఠ పరిమితి. అంతా చెల్లించి తీరాలని హౌస్ ఒప్పందంలో లేదు.

1. ముందు, ఒప్పందంలో చేరాలా వద్దా తేల్చుకోండి. చాలామంది దాటేసే మెట్టు ఇదే. చేరితే, ఎంత తక్కువ చెల్లించినా జట్టులో ఎంతమంది ఉండొచ్చన్న పరిమితులు వర్తిస్తాయి: ఫుట్‌బాల్‌కు 105 మంది, బేస్‌బాల్‌కు 34 మంది. స్కాలర్‌షిప్ లేకుండా ఆడటానికి వచ్చే కొత్త పిల్లలకు చోటు తగ్గిపోతుంది. నాకైతే అసలు ఖర్చు అదే. హార్వర్డ్, యేల్ వంటి విశ్వవిద్యాలయాల ఐవీ లీగ్ చేరలేదు.

2. చేరకపోయినా క్రీడాకారులు బయటి సంస్థలతో ప్రకటన ఒప్పందాలు చేసుకోవచ్చు.

3. చేరితే డబ్బంతా ఒక్క ఆట మీదే పెట్టండి. పెద్ద కళాశాలల్లో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతుంది. బాస్కెట్‌బాల్‌కు పేరుపడ్డ గొంజాగా విశ్వవిద్యాలయానికైతే ఫుట్‌బాల్ జట్టే లేదు. పురుషుల బాస్కెట్‌బాల్‌లో పంచవలసింది 15 మందికే.