గోకి గతకాలం వెంట్ ఎలా అయింది?

"ప్లే–ప్లేడ్ అన్నప్పుడు గో–గోడ్ ఎందుకు కాలేదు? వెంట్ ఎక్కడిది?" అని అడిగారు.

వెంట్ అసలు గో సొత్తు కాదు. 'వెండ్' అనే ఇంకో క్రియది. సెండ్–సెంట్, బెండ్–బెంట్, స్పెండ్–స్పెంట్ వరుసలోనే వెండ్–వెంట్. మొదట్లో దాని అర్థం తిరగడం, మళ్ళడం. పోనుపోను దారి పట్టడం, వెళ్ళడం అయింది. మరి గోకి? ప్రాచీన ఇంగ్లీషులోనే దాని గతకాలం 'ఏఓదె', అదీ వేరే ధాతువుదే. జనం నోట నలిగి నలిగి ఆ రూపం అరిగిపోయింది. 15వ శతాబ్దం నాటికి దక్షిణ ఇంగ్లండ్‌లో ఆ చోట్లో వెంట్ స్థిరపడింది. స్కాట్లండ్ వాళ్ళు మాత్రం గో నుంచే 'గేడ్' అని చేసుకున్నారు. వెంట్‌ని పోగొట్టుకున్న వెండ్‌కి 'వెండెడ్' అనే కొత్త గతకాలం వచ్చింది. ఇప్పుడది 'వెండ్ యువర్ వే' లాంటి పలుకుబళ్ళలో తప్ప దాదాపు వినబడదు.

మన 'రా', 'వచ్చాడు' కూడా ఇలాంటి అతుకే అనేవాళ్ళున్నారు. కానే కాదు. తమిళంలో వా (రా), వరుగిరాన్ (వస్తున్నాడు), వందాన్ (వచ్చాడు) చూడండి. ఆ 'వర్'లో అక్షరాలు తారుమారై మన 'రా' పుట్టింది. మూలం ఒక్కటే.

బడిలో గో–వెంట్–గాన్ అని వల్లె వేయించి వదిలేయడం అన్యాయం. పిల్లలు తడబడేది వాడుకలో. 'డిడ్' వచ్చిందంటే గతకాలం బరువు అదే మోస్తుంది, కాబట్టి 'డిడ్ నాట్ గో' అనాలి, వెంట్ రాకూడదు. 'హి హాజ్ గాన్ టు గుంటూరు' అంటే మనిషి ఇంకా తిరిగి రాలేదు. వెళ్ళొచ్చినవాడైతే 'హాజ్ బీన్ టు గుంటూరు'. హోమ్, దేర్, అబ్రాడ్‌ల ముందు 'టు' అక్కర్లేదు: 'గో హోమ్' చాలు.

అన్నిటికన్నా ఎక్కువ చిక్కు సెలవు తీసుకునేటప్పుడు. గడప దాటుతూ 'పోతాను' అనడం మనకు అశుభం, 'వస్తాను' అంటాం. దాన్నే 'ఐ విల్ కమ్' అంటే ఇంగ్లీషువాళ్ళు మీకోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. అక్కడ 'ఐ మస్ట్ గో' అనండి. ఫోన్లో భోజనానికి పిలిచినప్పుడు మాత్రం రెండు భాషలదీ ఒకటే దారి: మనం 'వస్తున్నా' అన్నట్టే వాళ్ళూ 'ఐ యామ్ కమింగ్' అంటారు, ఎందుకంటే వెళ్ళేది పిలిచినవాళ్ళున్న చోటికి.