నానమ్మ బొమ్మలో పట్టుచీర అంచు: ఈ ఇష్టం చదువుగా మారుతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు మాట్లాడతాం కానీ మా అమ్మాయి ఒడియా మాధ్యమంలో చదివింది. ప్రస్తుతం ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరంలో ఉంది. రెండేళ్లుగా మనుషుల బొమ్మలు వేస్తోంది. రంగులతో సరిపెట్టుకోకుండా కాఫీ డికాక్షన్, పాత వార్తాపత్రికలు, వాళ్ల నానమ్మ చిరిగిన బరంపురం పట్టుచీర అంచు, మా ఊళ్లో పశువుల కొమ్ములతో వస్తువులు చేసేవారి దగ్గర మిగిలిన తురుము, ఇలా ఏది దొరికితే అది అతికిస్తుంది. నాకేమో బీఎస్సీ, ఆపైన బీఈడీ చేయించి టీచరును చేయాలని ఉంది. ఒక పద్ధతిలో కుదురుకోకుండా ఇన్ని వస్తువులు కలపడం మంచిదేనా? దీనితో బతుకుదెరువు దొరుకుతుందా? ఏ కళాశాలలో చేర్చాలి? ప్లస్ టూ సైన్సు చదివించిన డబ్బు వృథా అయినట్టేనా?

జవాబు: మీరు పంపిన నాలుగు ఫోటోలనూ శ్రద్ధగా చూశాను. వస్తువులు కలపడం తప్పా అన్న మీ మొదటి ప్రశ్నకు జవాబు చెబితే మిగిలినవి సులువుగా తేలతాయి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

కలపడంలో తప్పు లేదు. 1912లో పికాసో ఒక నిశ్చలచిత్రంలో పేము అల్లిక అచ్చువేసిన మైనపుగుడ్డను అతికించి, చుట్టూ తాడు బిగించాడు. శాంతినికేతన్‌లో పనిచేసిన వినోద్ బిహారీ ముఖర్జీ 1957లో చూపు పూర్తిగా పోయిన తరువాత రంగు కాగితాలను చేతి తడుముడుతో కత్తిరించి, అతికించి చిత్రాలు కూర్చారు. అంత దూరం కూడా వెళ్లనక్కర లేదు. గుడ్డ మీద చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, శంఖపు తెలుపును, దీపపు మసిని వెలగ బంకలో కలిపి వేసే ఒడిశా పటచిత్రం ఎన్ని పదార్థాల కూర్పో ఆలోచించండి. ఆ పద్ధతిలోనే తయారయ్యే గుండ్రటి గంజప పేకముక్కలకు మీ పర్లాకిమిడి కూడా పేరుపడిన చోటే. అందుచేత మీ అమ్మాయి చేస్తున్నది మీ ప్రాంతానికి కొత్త విద్యేమీ కాదు.

అయితే ఆ నాలుగు చిత్రాల్లో నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఒకటి ఉంది. నానమ్మ కళ్లు, చెంపల ముడతలు, ముక్కుపుడక దగ్గరి నీడ ఎంతో ఓపికగా గీసిన ఆ అమ్మాయి, చెవి ఉండవలసిన చోట వార్తాపత్రిక ముక్కను, చేతివేళ్లు ఉండవలసిన చోట పట్టు అంచును అతికించింది. మిగిలిన మూడింటిలోనూ చేతులు ఎక్కడా కనిపించవు. చెవి, చేయి గీయడం కష్టమని బొమ్మలు వేసేవారందరికీ తెలుసు. చీర అంచు అక్కడికి చిత్రం కోరినందువల్ల వచ్చిందా, గీయలేకపోయినందువల్ల వచ్చిందా అన్నది మీ అమ్మాయే తనను తాను అడుగుకోవలసిన ప్రశ్న. నా అంచనా రెండోదే. ఈ ఒక్క లోపం సరిదిద్దుకుంటే ఆమెకున్న వస్తుజ్ఞానం నిజమైన బలమవుతుంది. సరిదిద్దుకోకపోతే చూసేవారు మెచ్చుకుంటూనే ఉంటారు కానీ ప్రవేశ పరీక్షలో మాత్రం బయటపడుతుంది.

ఎందుకంటే, చిత్రకళ డిగ్రీ ప్రవేశ పరీక్షల్లో సాధారణంగా ఎదుట ఉన్నదాన్ని చూసి గీయడం, జ్ఞాపకం నుంచి గీయడం, రంగుల కూర్పు చూస్తారు. రెండు మూడు గంటల పరీక్షలో ఫెవికాల్ ఆరేదాకా ఆగే పర్యవేక్షకుడు ఉండడు. కనుక పరీక్ష వరకు రోజుకొక గంట పెన్సిలుతోనో, బొగ్గుతోనో చేతులు, చెవులు, కూర్చున్న మనుషులు, వంటింటి గిన్నెలు గీయించండి. ఆ గంటసేపు జిగురు సీసా బల్ల మీద ఉండకూడదు.

డిజైన్ సంస్థల పరీక్షల తీరు వేరు. నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) వారి బీ.డెస్. అనే డిజైన్ డిగ్రీ ప్రవేశంలో రెండో దశగా జరిగే సిచ్యుయేషన్ టెస్టులోను, ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) రెండో దశ అయిన మెయిన్స్‌లోని స్టూడియో టెస్టులోను అభ్యర్థి చేతికి వస్తువులు ఇచ్చి వాటితో ఏమి రూపొందిస్తారో చూస్తారు. తురుమునూ, గుడ్డనూ, కాగితాన్నీ రెండేళ్లుగా అలవాటు చేసుకున్న చేతికి అక్కడ ప్రయోజనం ఉంటుంది. నిఫ్ట్ భువనేశ్వర్‌లోనూ, ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉన్నాయి. ఈ సంస్థల రుసుములు ప్రభుత్వ చిత్రకళాశాలల కంటే బాగా ఎక్కువ. ఇంటి లెక్క చూసుకోకుండా ఆశపెట్టవద్దు.

చిత్రకళే కావాలంటే మీ రాష్ట్రంలో మీకు దగ్గరిది గంజాం జిల్లాలోని ఖల్లికోట ప్రభుత్వ చిత్రకళా, హస్తకళల కళాశాల. 1957 నుంచి ఉన్న సంస్థ అది. భువనేశ్వర్‌లో బి.కె. చిత్రకళా కళాశాల ఉంది. రెండింటిలోనూ ఒడియాలో చదువుకున్న పిల్లకు భాష ఇబ్బంది ఉండదు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో కూడా చిత్రకళ కోర్సులు ఉన్నాయి. సరిహద్దు తెలుగు కుటుంబాలు తరచు పొరబడే చోటు ఇదే. పక్కనున్న పాతపట్నం ఆంధ్రే కదా, మనదీ తెలుగే కదా అనుకుంటారు. కానీ స్థానికతను చదివిన చోటును, నివాసాన్ని బట్టి లెక్కిస్తారు తప్ప ఇంట్లో మాట్లాడే భాషను బట్టి కాదు. మీ అమ్మాయి ఒడిశాలో స్థానికురాలు, ఆంధ్ర, తెలంగాణలలో బయటి రాష్ట్ర అభ్యర్థి. దరఖాస్తు చేసేముందు ఆ సంవత్సరపు ప్రవేశ ప్రకటనలో ఈ భాగాన్ని స్వయంగా చదవండి. నా సలహా అడిగితే ఖల్లికోట మొదటి ఎంపిక.

బతుకుదెరువు మాటకు వస్తే, రూపచిత్రాలు వేయించుకునేవారి మీదనే ఆధారపడితే ఆదాయం ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదు. పెళ్లిళ్ల కాలంలో ఊపిరాడదు, వానాకాలంలో పలకరించేవారుండరు. ఆ పనిని పక్కన ఉంచుకుని స్థిరమైన ఉద్యోగానికి తోవ వేసుకోవడం వివేకం. మీరు కోరుకునే టీచరు ఉద్యోగం కూడా ఇక్కడే ఉంది. కేంద్రీయ విద్యాలయాల వంటి చోట్ల చిత్రలేఖన ఉపాధ్యాయ పోస్టుకు చిత్రకళలో గుర్తింపు ఉన్న డిగ్రీ గానీ డిప్లొమా గానీ అడుగుతారు. బీఎస్సీ, బీఈడీ చేసిన అమ్మాయి సైన్సు టీచరు కాగలదు కానీ ఆ చిత్రకళ పోస్టుకు పనికిరాదు. అంటే మీ కోరికకూ, ఆమె కోరికకూ మీరనుకున్నంత వైరం లేదు.

పత్రికలు, ప్రచురణ సంస్థలకు బొమ్మలు వేయడం, వస్త్రాల డిజైన్ వంటి దారులు చాలామందికి తెలిసినవే. తెలియని దారి ఒకటి చెబుతాను. పాత చిత్రాలు, పటాలు, తాళపత్రాలు పాడవకుండా కాపాడే సంరక్షణ వృత్తికి ఏ పదార్థం దేనితో కలుస్తుందో, దేనిని తినేస్తుందో తెలిసినవారు కావాలి. భువనేశ్వర్‌లో వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థకు సంరక్షణ కేంద్రం ఉంది. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో ఇందులో ఎంఏ ఉంది. ఇక్కడ రసాయనశాస్త్రం అక్కరకు వస్తుంది. ప్లస్ టూ సైన్సు చదివించిన డబ్బు వృథా అయిందని మీరు లేఖ చివర బాధపడ్డారు. ఆ బాధ అవసరం లేదు. ఆ పరీక్ష మంచి మార్కులతో పూర్తిచేయనివ్వండి.

ఇక అమ్మాయికి చూపించవలసిన మాటలు. ఒక నోటుపుస్తకం పెట్టుకోమనండి. ఏ కాగితం మీద ఏ జిగురుతో ఏది అతికించింది, ఎన్ని రోజులకు ఏమైంది అన్నది తారీఖుతో రాసుకోవాలి. పసుపు వెలుతురుకు వెలిసిపోతుంది, అరుగులకు పూసే జాజు వెలవదు. నమ్మకం లేకపోతే ప్రతి రంగునూ కాగితం మీద పట్టీగా పూసి, సగభాగాన్ని అట్టతో మూసి, ఎండ పడే కిటికీకి రెండు నెలలు అంటించి ఉంచితే తేడా కంటికే కనిపిస్తుంది. వార్తాపత్రిక కాగితంలోని లిగ్నిన్ (చెక్కలో సహజంగా ఉండే పదార్థం) వల్ల అది కొన్నాళ్లకు పసుపుబారి పెళుసవుతుంది. ఆ అక్షరాలే కావాలంటే మంచి కాగితం మీద జిరాక్స్ తీయించి వాడితే సరిపోతుంది. యాక్రిలిక్ ఆరిన తరువాత దాని మీద తైలవర్ణం వేయవచ్చు, తైలవర్ణం మీద యాక్రిలిక్ పట్టు నిలవదు. బొగ్గుగీతల మీద ఫిక్సేటివ్ (గీతలు చెరగకుండా పట్టి ఉంచే ద్రవం) చల్లకుండా జిగురు పూస్తే ముఖమంతా మసి అవుతుంది. అది చల్లేటప్పుడు తలుపులు తెరిచి, ముక్కుకు గుడ్డ కాకుండా సరైన మాస్కు కట్టుకోవాలి. కొమ్ము తురుము బరువుకు పలుచని కాగితం వంగుతుంది కనుక దాన్ని ప్లైవుడ్ మీద ప్రయత్నించమనండి. గంజి, చింతగింజల జిగురు మీ వైపు వానాకాలపు తేమకు బూజు పడతాయి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. పటచిత్రంలో వాడే ఇంగిలీకపు ఎరుపులో పాదరసం, హరిదళపు పసుపులో ఆర్సెనిక్ ఉంటాయి. సంప్రదాయం కదా అని ఆ రెండింటినీ ఇంట్లో నూరనివ్వకండి.

నాలుగో చిత్రంలో ముఖం వెనుక అలంకారంగా సవర గిరిజనుల బొమ్మలు పేర్చడం నాకు నచ్చలేదు. అవి సవరల పూజలకు సంబంధించిన రాతలు, 2024లో లంజియా సవర చిత్రాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గిడుగు రామమూర్తిగారు మీ ఊళ్లో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకున్నారు. మీ అమ్మాయి కూడా ఆ బొమ్మలు వాడేముందు కొండమీది ఊరికి వెళ్లి, వేసేవారి దగ్గర కూర్చుని, అర్థం అడిగి తెలుసుకుంటే బాగుంటుంది.

నానమ్మ చిత్రాన్ని ఎవరికీ అమ్మకుండా ఉంచండి, కళాశాల అడిగితే చూపించే సంపుటిలో అది ముందుండాలి. ఫ్రేము కట్టించేటప్పుడు పట్టు అంచు గాజుకు తగలకుండా మధ్యలో మందపాటి అట్ట చట్రం పెట్టమని ఫ్రేముల దుకాణంలో గట్టిగా చెప్పండి. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ మీద మాత్రం తగిలించవద్దు.